బంకమన్ను ఎందుకు గెలిచింది?

2012 చివర్లో సంగతిది. మాదాపూర్లో ఆఫీసు, సాయంత్రం ఏడున్నర, క్లయింటు కాల్. అవతల ఒక జియాలజిస్టు. పెద్దావిడ, ముప్ఫయ్యేళ్ళుగా బోర్లు వేయిస్తూ, మట్టి చేత్తో నలిపి చూస్తూ బతికిన మనిషి. మేం రాసిచ్చిన 3డీ వ్యూయర్లో తన సైటు మోడల్ తెరిచి, తెర షేర్ చేసి, ఓ మూలకి జూమ్ చేసింది. అక్కడ ముదురు గోధుమరంగులో దళసరిగా ఒక పొర కనిపిస్తోంది.

"ఇక్కడ బంకమన్ను ఉందని మీకెవరు చెప్పారు? నేనిక్కడ ఒక్క బోరూ వెయ్యలేదే!"

మా లీడ్ మ్యూట్ నొక్కి నావైపు చూశాడు. "అల్గారిథమ్ చెప్పిందని చెప్పు బాస్" అన్నాడు. నేను అదే చెప్పాను. ఆవిడ కోప్పడలేదు. "సరే, ఆ అల్గారిథమ్‌ని అడిగి రేపు చెప్పండి" అని పెట్టేసింది.

ఇందులో అంత కొంప మునిగేదేముంది అంటారా? ఆ సైటులో ఒకప్పుడు భూమిలో పాతిన పెట్రోలు ట్యాంకు కారింది. కారింది ఎంత లోతుకి పోయిందన్నది అక్కడి లెక్క. మధ్యలో బంకమన్ను పొర చిల్లు లేకుండా ఉంటే పెట్రోలు చాలావరకూ దాని పైనే ఆగుతుంది. ఇసుకో కంకరో ఉంటే కింద నీళ్ళలోకి దిగుతుంది. అంటే తెరమీద గోధుమరంగు కనిపిస్తే "పర్లేదు" అని అర్థం. బోరు లేని చోట "పర్లేదు" అంటోంది మా సాఫ్ట్‌వేరు.

ఆ రాత్రి కోడు తవ్వాను. (ఎవరో రాసిన కోడయితే తిట్టుకుంటూ తవ్వేవాణ్ణి. ఖర్మ, అది నాదే.) మా ఇంజను నేలని చిన్న చిన్న గడులుగా కోసి, ప్రతి గడికీ నాలుగు అంకెలు లెక్కగట్టేది: బంకమన్ను అయ్యే సంభావ్యత ఇంత, కంకర ఇంత, ఇసుక ఇంత, ఒండ్రు ఇంత. తెరమీద రంగు వెయ్యడానికి నా ఫంక్షన్ ఆ నాలుగింట్లో పెద్దది ఎంచుకునేది. బోర్లకి మరీ దూరంగా ఉన్న గడులకి లెక్కే జరగదు, నాలుగూ సున్నాలు. నాలుగు సున్నాల్లో పెద్దదేది? నా లూపు ప్రకారం మొదటిది. మొదటిది క్లే. ఎందుకంటే మెటీరియళ్ళ జాబితా ఇంగ్లీషు అక్షరక్రమంలో ఉంది: క్లే, గ్రావెల్, శాండ్, సిల్ట్. ఆ మూల అంత మందాన బంకమన్ను పరిచిన ఘనత పూర్తిగా నా ఫర్ లూపుదే!

ఇది బగ్గే, ఒప్పుకుంటాను. సున్నాల సంగతి అరగంటలో సరిచేశాను. కానీ దాని వెనక ఇంకోటి ఉంది, అది బగ్గు కాదు, మేం కావాలని చేసింది. అంతకు ఆర్నెల్ల ముందు మా వ్యూయర్ నాలుగు సంభావ్యతల్నీ నాలుగు రంగులుగా కలిపి చూపించేది. బోర్ల దగ్గర రంగులు తేటగా, దూరం పోయేకొద్దీ బురదలా ఉండేవి. "మోడల్ మురికిగా కనిపిస్తోంది, కస్టమర్లకి క్లీన్‌గా కావాలి" అని టికెట్ వచ్చింది. నేను ఆ పెద్దది ఎంచుకునే ఫంక్షన్ రాసి, స్క్రీన్‌షాట్ పెట్టి, టికెట్ మూసేశాను. అందరూ శెభాషన్నారు. అసలు ఆ మురికే సమాచారం అన్న సంగతి మాలో ఎవరికీ తట్టలేదు.

ఈ "క్లీన్‌గా కావాలి" అన్న రోగం మాతోనే మొదలైందా, అంతకు ముందునుంచీ ఉందా అని అప్పట్నించీ వీలైనప్పుడల్లా చదువుతూ వచ్చాను. ఈ టపా ఆ చదువు సారాంశం. కథ కొంచెం పాతకాలం నుంచి చెప్పాలి.

1815లో విలియం స్మిత్ అనే ఆయన ఇంగ్లండు, వేల్సు, స్కాట్లండులో కొంతభాగం కలిపి ఒక భూగర్భ పటం అచ్చువేశాడు. కాలవలు తవ్వించే సర్వేయరు. గొప్పింటి బిడ్డ కాదు, 1819లో అప్పులు తీర్చలేక జైలుకి కూడా పోయాడు పాపం. ఆ పటం దాదాపు ఎనిమిదిన్నర అడుగుల ఎత్తుంటుంది, రంగులన్నీ చేత్తో వేసినవే. అందులో ఒక తమాషా ఉంది. ప్రతి రాతిపొరకీ అడుగు అంచు దగ్గర రంగు ముదురుగా వేసి, అక్కణ్ణుంచి పైకి పోయేకొద్దీ పలచబరిచాడు. చూడగానే ఏ పొర దేనికింద దూరుతోందో కంటికి తెలుస్తుంది. కాగితం మీద మూడో కొలత చూపించడమన్నమాట, ఓపెన్‌జీఎల్ లేకుండా.

తర్వాతి భూగర్భ శాస్త్రజ్ఞులు ఇంకో అలవాటు చేసుకున్నారు, నాకు స్మిత్ రంగుల కన్నా అదే నచ్చింది. కంటితో చూసిన సరిహద్దుకి నిండు గీత. సుమారుగా ఇక్కడే అనుకున్నదానికి తెగిన గీత. పైన మట్టి కప్పేసి కనపడని దానికి చుక్కల గీత. అసలు ఉందో లేదో అనుమానమైతే గీత మధ్యలో ప్రశ్నార్థకం. శుభ్రంగా పటం మీదే, అచ్చులో! తన పేరు మీద అచ్చయ్యే పటంలో "ఇక్కడ నాకు తెలీదు" అని ఒప్పుకోడానికి ఒక గుర్తు పెట్టుకున్న వృత్తులు ఎన్నున్నాయి చెప్పండి? మన ప్రాజెక్టు ప్లానుల్లో అలాంటి గుర్తు ఒక్కటి పెట్టి చూడండి, మేనేజరు ఏమంటాడో.

ఇక అనుమానాన్ని గుర్తుగా కాకుండా అంకెగా మార్చిన కథ దక్షిణాఫ్రికా బంగారు గనుల్లో మొదలవుతుంది. డానీ క్రిగ అని ఒక మైనింగ్ ఇంజనీరు. (ఆ 'గ' వాళ్ళ భాషలో ఇంచుమించు 'ఖ'లా పలుకుతుంది.) విట్‌వాటర్స్‌రాండ్ గనుల్లో ఒక బండని తవ్వాలా వద్దా అన్నది దాని అంచుల్లో తీసిన నమూనాల సగటు చూసి తేల్చేవారు. ఏళ్ళ తరబడి ఒక వింత కనబడుతూ వచ్చింది: బాగా బంగారం ఉందని లెక్కతేలిన బండల్ని తవ్వితే అంచనాకన్నా తక్కువ వచ్చేది, పనికిరావన్న బండల్లో అంచనాకన్నా ఎక్కువ ఉండేది.

క్రికెట్ చూసేవాళ్ళకి ఇందులో వింతేం లేదు. మొదటి మ్యాచ్‌లో సెంచరీ కొట్టిన కుర్రాడి సగటు వంద అని ఎవరూ నమ్మరు కదా. కొద్ది నమూనాల్లో వచ్చిన పెద్ద అంకెలో కొంత అదృష్టం కలిసి ఉంటుంది. క్రిగ 1951లో రాసిన వ్యాసంలో ఇదే గణితంగా చెప్పాడు: బండ చుట్టూ తీసిన నమూనాల్ని పూర్తిగా నమ్మకు, మొత్తం గని సగటుని కూడా తగుపాళ్ళలో కలుపు అని.

దీన్ని సిద్ధాంతంగా మలిచింది ఫ్రాన్సు దేశస్థుడు జార్జ్ మాథెరాన్. (బొంబాయి దగ్గరి కొండకీ ఈయనకీ ఏ సంబంధమూ లేదు.) అల్జీరియాలో గనుల సర్వేలో పనిచేస్తూ క్రిగ రాతలు చదివాడు. 1962, 63ల్లో రెండు సంపుటాల గ్రంథం రాశాడు, 1968లో పారిస్ దగ్గర ఫాంటెన్‌బ్లోలో ఒక పరిశోధన కేంద్రం మొదలెట్టాడు. పద్ధతికి మాత్రం క్రిగ పేరే పెట్టాడు. అదే క్రిగింగ్. మన వైపు హైదరాబాదు ఎన్‌జీఆర్‌ఐలో పనిచేసిన డి.డి.శర్మ గారు ఈ విషయం మీద ఇంగ్లీషులో ఒక పుస్తకం రాశారు, దాని రెండో కూర్పుని 2009లో స్ప్రింగర్ వాళ్ళు వేశారు. నేను క్రిగింగ్ నేర్చుకుంది చాలావరకూ అందులోంచే. ఇంట్లో ఉన్న దీపాన్ని వదిలేసి స్టాక్ ఓవర్‌ఫ్లోలో వెతుక్కుంటుంటాం మనం.

క్రిగింగ్ గురించి మన భాషలో రెండు ముక్కలు. తెలిసిన చోట్ల విలువలకి బరువులు వేసి కలిపి తెలియని చోటు విలువ చెబుతుంది. ఆ బరువులు దూరాన్ని బట్టీ, ఆ నేలలో దూరం పెరిగేకొద్దీ పోలిక ఎలా తగ్గుతోందన్న కొలతని బట్టీ ఉంటాయి. చెప్పిన విలువతోపాటే "ఇది ఇంతవరకూ తప్పొచ్చు" అనే ఇంకో అంకె కూడా ఇస్తుంది. ఆ రెండో అంకె కోసమే ఆ గణితమంతా అని నా అభిప్రాయం. కానీ అందరూ వాడింది మొదటి అంకెనే.

అన్నట్టు ఒక పక్క కథ. మాది అనంతపురం జిల్లా. మా నాన్న పొలంలో మూడు బోర్లు వేయించాడు, మొదటి రెండూ ఎండినవే. మూడింటికీ ముందు ఒకాయన వచ్చి అరచేతిలో కొబ్బరికాయ పడుకోబెట్టుకుని పొలమంతా నడిచాడు. కాయ ఎక్కడ లేచి నిలబడితే అక్కడ నీళ్ళు. "ఏం సామీ, ఖచ్చితంగా పడతాయా?" అని నాన్న అడిగితే, "నూటికి నూరుపాళ్ళు పడతాయన్నా" అనేవాడు ప్రతిసారీ. మావైపు నేలంతా గట్టి రాయి, నీళ్ళుండేది పగుళ్ళలో. పగులు పది అడుగుల పక్కన తప్పిపోయినా అంతే సంగతులు. "నలభై పాళ్ళు అవకాశం ఉందన్నా, అప్పు చేసేముందు ఆలోచించుకో" అని చెప్పే కొబ్బరికాయ లేదు. ఉన్నా దాన్ని ఎవరూ పిలిచేవాళ్ళు కాదనుకోండి. మా నాన్న కూడా.

సరే, అసలు కథకొద్దాం. బంగారం శాతాన్నయితే అంకెగా లెక్కగట్టొచ్చు. బంకమన్ను, ఇసుక, కంకర అంకెలు కావు, పేర్లు. బంకమన్నుకీ కంకరకీ సగటు ఇసుక అంటే నవ్వుతారు. దీనికి దారి చూపించింది ఆండ్రే జర్నెల్. మాథెరాన్ బడిలోంచి వచ్చి 1978లో స్టాన్‌ఫర్డ్ చేరిన ఆయన, 1983లో ఇండికేటర్ క్రిగింగ్ గురించి రాశాడు. ఆలోచన చాలా తేలిక. బోరులో ప్రతి లోతు దగ్గరా "ఇది బంకమన్నేనా?" అని అడుగు. అవునంటే 1, కాదంటే 0. ఆ ఒకట్లనీ సున్నాలనీ క్రిగింగుకి ఇవ్వు. మధ్యలో తెలియని చోట 0.4 వచ్చిందంటే అక్కడ బంకమన్ను ఉండే సంభావ్యత 40 శాతం. ఇలాగే ఇసుకకి ఒకసారి, కంకరకి ఒకసారి.

కోడు రాసేవాళ్ళకి ఇందులో కొన్ని ముళ్ళున్నాయి. బరువుల్లో కొన్ని రుణాత్మకంగా రావచ్చు కాబట్టి ఒక్కోసారి సంభావ్యత -0.03 అనో 1.04 అనో వస్తుంది. అన్నీ కలిపితే ఒకటి రాదు, 1.07 వస్తుంది. అప్పుడు కింద సున్నా దగ్గరా పైన ఒకటి దగ్గరా కత్తిరించి, మొత్తంతో భాగించి సర్దాలి. ప్రతి ప్యాకేజీలోనూ ఈ సర్దుబాటు కోడు ఎక్కడో ఒకచోట ఉంటుంది. మా దాంట్లోనూ ఉండేది. మొత్తం సున్నా అయితే భాగించకూడదని ఒక ఇఫ్ రాశాను. ఆ ఇఫ్‌లోంచే నాలుగు సున్నాలూ బయటకొచ్చి గోధుమరంగు పులుముకున్నాయి.

1992లో డాయిచ్, జర్నెల్ కలిసి జీఎస్‌లిబ్ తెచ్చారు, ఫోర్ట్రాన్ సోర్స్ కోడుతో సహా. ఇప్పుడు డబ్బులకి అమ్ముతున్న ఎన్నో ప్యాకేజీల కడుపులో అదో, దాని పిల్లలో ఉంటాయి. అంటే 1990లు వచ్చేసరికి ప్రతి గడికీ ప్రతి మెటీరియల్ సంభావ్యత ఎంతో లెక్కగట్టే దారి అందరికీ తెరిచే ఉంది. ఇక మిగిలింది దాన్ని చూపించడం.

చూపించే వాళ్ళ కథ వేరే ఊళ్ళో నడుస్తోంది. 1987లో జీఈ కంపెనీలో లోరెన్సెన్, క్లైన్ అనే ఇద్దరు మార్చింగ్ క్యూబ్స్ ప్రచురించారు. ఘనంలో ఒక విలువ దగ్గర గీత గీసి త్రిభుజాలతో ఉపరితలం కట్టే పద్ధతి. గ్రాఫిక్స్ చదివిన ప్రతివాడూ ఒకసారైనా రాసి ఉంటాడు. పేటెంటు 2005 దాకా ఉండటంతో జనం పక్కదారులు కూడా కనిపెట్టుకున్నారు. దాని ఒరవడి ఏమిటంటే, గీతకి ఇటు ఎముక, అటు ఎముక కాదు. మధ్యలో ఏదీ లేదు.

ఆ మరుసటి ఏడే, 1988లో, ఇద్దరు చోట్ల దీనికి అభ్యంతరం వచ్చింది. ఒకరు మార్క్ లెవాయ్. రెండోది పిక్సార్ నుంచి డ్రెబిన్, కార్పెంటర్, హాన్‌రహన్. అవును, ఆ పిక్సారే. టాయ్ స్టోరీకి ఏడేళ్ళ ముందు వాళ్ళు కంప్యూటర్లు అమ్ముకునే కంపెనీ, ఆస్పత్రులకి కూడా అమ్మేవారు. సీటీ స్కానులో ఒక వోక్సెల్ ఎముకా కండా రెండూ కలిసినది కావచ్చు, దాన్ని ఏదో ఒకటని తేల్చెయ్యకుండా, ఇంతపాలు ఎముక, ఇంతపాలు కండ అని లెక్కగట్టి, రంగూ పారదర్శకతా ఆ పాళ్ళలోనే కలపండి అన్నారు. అప్పుడు పలచటి ఎముకలు మాయమవ్వవు, లేని చిల్లులు పుట్టవు.

చూడండి, ఒక పక్క జర్నెల్ గడికి నాలుగు సంభావ్యతలు ఇస్తున్నాడు. ఇంకో పక్క పిక్సార్ వాళ్ళు గడికి నాలుగు పాళ్ళుంటే ఎలా చూపించాలో చెప్పేశారు. రెండూ ఐదేళ్ళ తేడాలో వచ్చినవే. కలిపితే అయిపోయేది. భూగర్భ సాఫ్ట్‌వేరులో చాలాచోట్ల జరిగింది మాత్రం మేం చేసిందే: సంభావ్యతలు లెక్కగట్టడం, పెద్దది ఏరుకోవడం, అంచులు నున్నగా చెయ్యడం, నిండు రంగు కొట్టడం. కాగితం మీద ఉండిన ఆ ప్రశ్నార్థకం 3డీలోకి రానేలేదు. అందరూ అలా చేశారని కాదు. సీటెక్ వాళ్ళ ఈవీఎస్ లాంటివి ప్రతి మెటీరియల్ సంభావ్యతనీ మోడల్లోనే ఉంచుతాయి, కావలసినవాడు తీసి చూసుకోవచ్చు. కావలసినవాడు ఎంతమంది అన్నదే ప్రశ్న.

ఎందుకిలా అంటే, అడిగేవాళ్ళకి కావలసింది పేరు కాబట్టి. తవ్వే కాంట్రాక్టరుకి ఎన్ని ఘనపుమీటర్ల కంకర అని కావాలి. "0.2 కంకర" అని లారీకి ఎత్తలేడు కదా. ఈ వాదన నాకూ అర్థమవుతుంది. కానీ పెద్దది ఏరుకోవడంలో రెండు మోసాలున్నాయి, అవి తెలిశాక నాకు నిద్రపట్టలేదు.

ఒకటి, ఓడిపోయినవాడు పూర్తిగా మాయమైపోతాడు. ఒక సైటులో ప్రతి గడిలోనూ ఇసుక 45, బంకమన్ను 35, కంకర 20 శాతం అనుకోండి. పెద్దది ఏరితే మోడల్ మొత్తం ఇసుకే. నేలలో అయిదో వంతు కంకర ఉందని మీ లెక్కే చెబుతుంటే, తెరమీద ఒక్క రాయి కూడా కనబడదు. మన ఎన్నికల్లో 20 శాతం ఓట్లొచ్చి ఒక్క సీటూ రాని పార్టీ లాగ. నీళ్ళ విషయంలో ఈ ఓడిన కంకరే ప్రాణం తీస్తుంది. 1986లో మిసిసిపీ రాష్ట్రంలో కొలంబస్ వైమానిక స్థావరం దగ్గర భూగర్భజలంలోకి బ్రోమైడు కలిపి, అది ఎలా పోతుందో నెలల తరబడి చూశారు. ఎక్కువ భాగం పోసిన చోటికి దగ్గర్లోనే కూర్చుంది. పలచటి ముందుభాగం మాత్రం కంకర దారులు పట్టుకుని వందల మీటర్లు పోయింది. సగటు మన్ను చూసి లెక్కవేసినవాడికి ఆ ముందుభాగం దొరకదు.

రెండోది, గెలుపు ఎంత తేడాతో అన్నది చెరిగిపోతుంది. 0.97తో గెలిచిన బంకమన్నుకీ 0.40తో గెలిచిన బంకమన్నుకీ ఒకే గోధుమరంగు. దీనికి మందు మన ఫీల్డులోనే ఉంది: షానన్ 1948లో ఇచ్చిన ఎంట్రపీ. మూడు మెటీరియళ్ళుంటే పూర్తి అజ్ఞానానికి ఎంట్రపీ 1.585 బిట్లు. 0.97, 0.02, 0.01 అయితే 0.22. అదే 0.40, 0.35, 0.25 అయితే 1.56. అంటే అక్కడ మనకి దాదాపు ఏమీ తెలీదన్నమాట, బంకమన్ను గెలిచినా సరే. ప్రతి గడికీ ఈ అంకె లెక్కగట్టి దాన్నే రంగుగా వెయ్యండని 2012లో వెల్‌మన్, రెగెనావర్-లీబ్ ఒక వ్యాసం రాశారు. సరిగ్గా మా టికెట్ నడిచిన ఏడు! పది వరసల కోడు. నాకు ఆ వ్యాసం మూడేళ్ళ తర్వాత దొరికింది.

అయితే గడిగడికీ సంభావ్యత చూపించేస్తే పని అయిపోయిందనుకున్నా పొరపాటే. నేనూ కొన్నాళ్ళు అలాగే అనుకున్నాను. బంకమన్ను పొర 400 గడుల వెడల్పుందనుకోండి, ప్రతి గడిలోనూ 99 శాతం సంభావ్యత. తెరమీద ఎంత భరోసాగా ఉంటుందో ఊహించండి. గడులు ఒకదానితో ఒకటి సంబంధం లేనివైతే, ఎక్కడా చిల్లు లేకుండా ఉండే అవకాశం 0.99ని 400 సార్లు గుణిస్తే వచ్చేది. 1.8 శాతం! నిజం నేలలో పక్కపక్క గడులకి చుట్టరికం ఉంటుంది కాబట్టి అంత ఘోరంగా ఉండదు. ఎంత అన్నది మాత్రం గడిగడి రంగు చూసి చెప్పలేం. పెట్రోలు కారడానికి ఒక్క చిల్లు చాలు.

దీనికోసమే జర్నెల్ బృందం సిమ్యులేషన్ పట్టుకుంది. బోర్లతో ఏకీభవించే నేలని ఒకటి కాదు, వంద తయారుచెయ్యి. ప్రతిదీ సాధ్యమైన నేలే. వందలో ఎన్నింట్లో పొరకి చిల్లుపడిందో లెక్కపెట్టు. చూపించేటప్పుడు ఒకదాని తర్వాత ఒకటి సినిమాలా తిప్పు. బోర్ల దగ్గర బొమ్మ కదలదు, దూరంగా ఉన్నచోట గిలగిల్లాడుతుంది. ఎక్కడ తెలుసో ఎక్కడ తెలీదో చెప్పడానికి వీటిలో నాకు బాగా నచ్చింది ఇదే. పీహెచ్‌డీ అక్కర్లేదు, చూసినవాడికి కడుపులో తిప్పుతుంది, అంతే.

ఇదంతా నిజంగా చేసి చూపించినవాళ్ళు డచ్చివాళ్ళు. దేశంలో కొంతభాగం సముద్రమట్టానికి కింద, మెత్తటి మన్ను మీద కట్టుకున్నారు కాబట్టి వాళ్ళకి ఇది సరదా కాదు. వాళ్ళ భూగర్భ సర్వే టీఎన్‌ఓ తయారుచేసిన జియోటాప్ అనే మోడల్లో గడి 100 మీటర్ల పొడవు, 100 వెడల్పు, అర మీటరు మందం. సముద్రమట్టం నుంచి 50 మీటర్ల లోతు దాకా. వంద సిమ్యులేషన్లు నడిపి, ప్రతి గడికీ పీట్ ఇంత, బంకమన్ను ఇంత, సన్న ఇసుక ఇంత అని సంభావ్యతలు పెట్టారు. ఎవరైనా ఉచితంగా దింపుకోవచ్చు. నేను దింపి చూశాను. కాన్స్ 1, కాన్స్ 2 అంటూ కాలమ్‌లు ఉంటాయి, వాళ్ళ భాషలో కాన్స్ అంటే అవకాశం. అనిశ్చితికి విడిగా ఒక కాలమ్. "ఎక్కువగా ఉండదగిన మన్ను" అనే కాలమూ ఉంది. కానీ అది నా లూపులా పెద్దది ఏరి పెట్టింది కాదు. మొత్తం మీద కంకర ఎంతపాలు ఉండాలో అంతపాలు గడులు కంకరకి దక్కేలా పంచే పద్ధతి 1992లో సోరెస్ అనే ఆయన చెప్పాడు, అది వాడారు. దామాషా పద్ధతన్నమాట. ఓడినవాడికీ కొన్ని సీట్లు.

ఆ కాలమ్‌ల పేర్లు చూస్తున్నప్పుడు నాకు కొంచెం ఏడుపొచ్చిన మాట వాస్తవం. మా ఇంజనులోనూ ఆ అంకెలన్నీ ఉండేవి. డిస్కు మీద రాసేముందు నేనే తీసేశాను, ఫైలు సైజు నాలుగో వంతుకి తగ్గుతుందని. దానిక్కూడా శెభాషన్నారు.

ఇంతకీ ఆవిడకి ఏం చెప్పానంటారా? మర్నాడు కాల్లో ఉన్నదున్నట్టు చెప్పేశాను, సున్నాలు, అక్షరక్రమం, అన్నీ. మా లీడ్ మొహం చూడాలి అప్పుడు. ఆవిడ పెద్దగా నవ్వింది. "అయితే మీ జాబితాలో క్లే కాకుండా యాష్ ఉండుంటే, నా సైటు మొత్తం బూడిద అయ్యేదన్నమాట" అంది. తర్వాత అడిగింది, "నాకు తెలియని చోట ఏ రంగూ వెయ్యకుండా ఉండగలరా?" అని. రెండు రోజుల్లో చేసిచ్చాను. ఎంట్రపీ గురించి అప్పటికి తెలీదు కాబట్టి, గెలిచినదానికి 0.6 కన్నా తక్కువుంటే బూడిదరంగు, లెక్కే లేకపోతే పూర్తిగా ఖాళీ. ఆవిడ మోడల్లో మూడో వంతు బూడిదరంగయింది. ఆ మూలయితే అసలు లేదు.

సేల్స్ వాళ్ళకి నచ్చలేదు. "డబ్బులిచ్చి కొన్న మోడల్లో మూడో వంతు తెలీదని చూపిస్తే కస్టమరు ఏమనుకుంటాడు?" అన్నారు. వాళ్ళ బాధ వాళ్ళది. ఆప్షన్ తీసెయ్యలేదు గానీ, మెనూలో మూడు మెట్లు లోపలికి పంపారు.

ఆవిడ ఆ బూడిదరంగు బొమ్మ చూపించే ఇంకో రెండు బోర్లకి డబ్బు మంజూరు చేయించుకుందని తర్వాత మెయిల్ వచ్చింది. రెండూ ఆ ఖాళీ మూలనే వేశారు. ఒకదాంట్లో నిజంగానే బంకమన్ను తగిలింది. నలభై అడుగుల పక్కన వేసిన రెండోదాంట్లో అదే లోతులో ఇసుక.

2016లో నేను ఆ కంపెనీ మానేసే నాటికి కూడా ఆ ఆప్షన్ డిఫాల్టుగా ఆఫ్‌లోనే ఉంది.